ఒక రోజు కోర్సా, మూడు రోజుల కోర్సా? పనిచోట ఫస్ట్ ఎయిడ్ శిక్షణ స్థాయి తేల్చుకున్న తీరు

శిక్షణ ఇప్పించాలని నిర్ణయం అయిన రోజే అందరి నోటా వచ్చిన ప్రశ్న ఇది: ఒక రోజు కోర్సు చాలా, మూడు రోజులది కావాలా? దానికి జవాబు శిక్షణ సంస్థల కరపత్రాల్లో దొరకదు. కోర్సులో ఏం నేర్పుతారో వాటిలో ఉంటుంది గానీ, మన దగ్గర ఏం జరగొచ్చో ఉండదు. అందుకే వాటిని పక్కనపెట్టి మా ప్రమాదాల రిజిస్టర్ తెరిచాం. అక్కడి నుంచి మొదలుపెట్టి, చివరి సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా ఆరు వారాలు పట్టింది. ఏ అడుగులో ఏం తేలిందో, ఎక్కడ తప్పు లెక్క వేసి మళ్ళీ వెనక్కి రావలసి వచ్చిందో, అదే పని మీదున్నవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు చోటు గురించి చెప్పాలి. మొత్తం 140 మంది. ఆఫీసులో 45, మెషిన్ షెడ్డులో 60, గోడౌన్‌లో 25, ఇద్దరిద్దరుగా బయట సైట్లకు వెళ్ళి మరమ్మతులు చేసేవాళ్ళు 10. షెడ్డులో పగలు 40 మంది, రాత్రి 20 మంది. గోడౌన్‌లో పగలు 15, రాత్రి 10. ఆఫీసుకు పగలు మాత్రమే పని.

రిజిస్టర్‌లో మూడేళ్ళ నమోదులు చదివితే కనబడ్డవి వేలి కోతలు, కంట్లో గ్రైండింగ్ రజను, వేడి లోహం తగిలి బొబ్బలు, బెణుకులు. వీటికి ఒక రోజు కోర్సు ధారాళంగా సరిపోతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ రిజిస్టర్‌కు ఒక పరిమితి ఉంది. జరిగినవి, జరిగినవాటిలో ఎవరో ఓపిక చేసుకుని రాసినవి మాత్రమే అందులో ఉంటాయి. ప్రాణం మీదికొచ్చే ప్రమాదం ఇంకా జరగలేదు కాబట్టి అది అందులో ఉండదు. దాంతో షెడ్డులో, గోడౌన్‌లో ఒక్కొక్కరి దగ్గరా నిలబడి ఒకే ప్రశ్న అడిగాం: "ఇక్కడ తృటిలో తప్పిపోయింది ఏదైనా ఉందా?" గ్రైండర్ డిస్కు పగిలి ముక్క భుజం పక్కనుంచి పోయింది. ర్యాక్ పైనుంచి ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క పలక) జారింది. ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వస్తుంటే ఒక మనిషి గోడకూ దానికీ మధ్యన పడబోయి తప్పించుకున్నాడు. వీటిలో ఒక్కటీ రిజిస్టర్‌లో లేదు.

అప్పుడు ఒక కాగితం మీద రెండు గళ్ళు గీశాం. ఒకదాంట్లో తరచూ జరిగేవి, రెండోదాంట్లో జరిగితే ప్రాణం తీసేవి. నా దృష్టిలో మొత్తం పనికి ఇదే కీలకం. మొదటి గడి చూసి మందుల పెట్టెలో ఏం ఉండాలో తేల్చుకోవచ్చు. శిక్షణ స్థాయి మాత్రం రెండో గడి చూసే తేల్చాలి. రెండూ కలిపేస్తే వేలి కోతలే ఎక్కువగా కనబడి, లెక్క కింది స్థాయికే మొగ్గుతుంది.

తర్వాత గడియారం పట్టుకున్నాం. అంబులెన్స్ ఎంతసేపట్లో వస్తుందంటే అందరూ చెప్పే అంకె దారి మీద పట్టే సమయం. దెబ్బ తగిలినవాడి దగ్గరికి చేరే సమయం అది కాదు. దాన్ని మూడు ముక్కలు చేసి కొలవాలి. ప్రమాదాన్ని ఎవరో గమనించి ఫోన్ చేసేదాకా ఒకటి, అక్కడి నుంచి గేటు దాకా రెండు, గేటు నుంచి మనిషి దాకా మూడు. ఈ మూడోది ఎవరికీ గుర్తుండదు. మా గేటు నుంచి గోడౌన్ చివరి వరుసకు స్ట్రెచర్‌తో నడిస్తే నాలుగు నిమిషాలకు పైగా పట్టింది. షెడ్డు పై అంతస్తు మెట్ల మలుపులో స్ట్రెచర్ అసలు తిరగలేదు. మూడు ముక్కలూ పగలు ఒకసారి, రాత్రి ఒకసారి కలిపి చూసుకున్నాం. రాత్రి రోడ్డు ఖాళీగా ఉంటుంది, కానీ గేటు దగ్గర దారి చూపించే మనిషి ఉండడు.

ఈ నిమిషాల లెక్క ఎందుకంటే, గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం, షాక్ ఇవ్వడం ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. తొడలో పెద్ద రక్తనాళం తెగితే మిగిలేది కొన్ని నిమిషాలే. అమెరికా కార్మిక భద్రతా సంస్థ తన నిబంధనకు ఇచ్చిన వివరణల్లో ఊపిరాడకపోవడం, తీవ్ర రక్తస్రావం లాంటివి జరగగల చోట 3 నుంచి 4 నిమిషాల్లో సాయం అందాలని, ఆఫీసుల్లాంటి చోట్ల 15 నిమిషాల దాకా ఫర్వాలేదని చెప్పింది. మా కొలతలు ఈ రెండు అంకెల పక్కన పెట్టగానే తేలిపోయింది, ఆఫీసుకూ షెడ్డుకూ ఒకే కోర్సు కుదరదని. అప్పటిదాకా "మన కంపెనీకి ఏ స్థాయి" అని అడుగుతున్నాం. స్థాయి కంపెనీ మొత్తానికి ఒకటి కాదు, ఒక్కో చోటుకీ ఒక్కో షిఫ్టుకీ విడివిడిగా తేలాల్సింది.

చట్టం ఏం చెబుతుందన్నది ముందే చూసుకోవాలి, ఎందుకంటే దానికి తగ్గకూడదు. దేశాన్ని బట్టి లెక్క మారుతుంది. ఇండియాలో 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ ప్రతి 150 మందికి కనీసం ఒక ప్రథమ చికిత్స పెట్టె, దానికి సర్టిఫికెట్ ఉన్న బాధ్యుడు, 500 మంది దాటితే అంబులెన్స్ గది అని రాసింది. బ్రిటన్‌లో ఆరోగ్య, భద్రతా సంస్థ సూచన ప్రకారం ప్రమాదం తక్కువున్న చోట 25 నుంచి 50 మందికి ఒక రోజు శిక్షణ పొందినవాళ్ళు ఒకరైనా ఉండాలి. ప్రమాదం ఎక్కువున్న చోట 50 మంది దాటితే ప్రతి 50 మందికీ మూడు రోజుల శిక్షణ ఉన్నవాళ్ళు ఒకరు. ఆస్ట్రేలియాలో ప్రమాదం తక్కువుంటే 50 మందికి, ఎక్కువుంటే 25 మందికి ఒకరు చొప్పున. ఏ లెక్క తీసుకున్నా తలల సంఖ్య దగ్గరే ఆగకుండా ప్రమాదం ఎంతన్నదీ అడుగుతున్నారని గమనించండి. ఆ అంకె మాత్రం కనీసం. పైన ఎంత కావాలన్నది మన గడియారమే చెప్పాలి.

ఇక కోర్సులు. పేర్లు నమ్మితే మోసపోతాం. బ్రిటన్‌లోలా స్థాయిలకు గంటలు స్థిరంగా ఉన్నచోట ఇబ్బంది లేదు: ఒక రోజుది కనీసం 6 గంటలు, మూడు రోజులది కనీసం 18 గంటలు. అలాంటి కట్టుబాటు లేనిచోట "బేసిక్", "అడ్వాన్స్‌డ్" అన్న మాటలకు ఎవరి అర్థం వాళ్ళదే. ఒక సంస్థ "అడ్వాన్స్‌డ్" అన్న కోర్సు వివరాలు తెప్పిస్తే ఆసుపత్రి సిబ్బందికి నేర్పే పద్ధతులు కనబడ్డాయి. ఇంకో సంస్థ అదే పేరుతో నాలుగు గంటల ఉపన్యాసం ఇస్తానంది. అందుకని పేరు వదిలేసి రెండే అడిగాం: మొత్తం ఎన్ని గంటలు, అందులో చేతులతో చేయించే పనులు ఏవేవి.

అలా విడదీస్తే మెట్లు ఇలా కనబడ్డాయి. మూడు, నాలుగు గంటల కోర్సులో సీపీఆర్ (గుండె ఆగినవాళ్ళకు ఛాతీ నొక్కి, ఊపిరి ఊదడం), ఏఈడీ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) వాడకం, గొంతులో అడ్డంపడితే ఏం చేయాలి, స్పృహ లేకుండా ఊపిరి ఆడుతున్నవాళ్ళను పక్కకు తిప్పి పడుకోబెట్టడం ఉంటాయి. ఒక రోజు కోర్సులో వీటికి తోడు రక్తస్రావం ఆపడం, షాక్ (ఒంట్లో రక్తప్రసరణ పడిపోవడం), మూర్ఛ, చిన్న గాయాలు, చిన్న కాలిన గాయాలు వస్తాయి. మూడు రోజుల కోర్సుకు వెళ్తే ఎముకలు విరగడం, తల, వెన్నెముక, ఛాతీ గాయాలు, కంటి గాయాలు, విషప్రభావం, గుండెపోటు, పక్షవాతం, ఉబ్బసం, షుగర్ పడిపోవడం, తీవ్రమైన అలర్జీ, తల నుంచి కాలిదాకా తడిమి దెబ్బలు వెతకడం ఉంటాయి. ఈ మూడింటి పైన విడి అంశాలు ఉంటాయి: తీవ్ర రక్తస్రావానికి టోర్నికే (చేతికో కాలికో చుట్టి, కడ్డీ తిప్పి బిగించే పట్టీ), ఎత్తులో పని, రసాయనాలు, దూరప్రాంతాల పని.

మూడు రోజుల కోర్సుకూ ఒక రోజు కోర్సుకూ అసలు తేడా పాఠాల సంఖ్యలో లేదు. ఒక రోజు కోర్సు ప్రాణాన్ని పది, పదిహేను నిమిషాలు నిలబెట్టడం నేర్పుతుంది. మూడు రోజులది, స్పృహలోనే ఉండి నొప్పితో ఉన్న మనిషిని అరగంటో గంటో చూసుకుంటూ, పరిస్థితి దిగజారుతోందా అని గమనించడం నేర్పుతుంది. అంబులెన్స్ పది నిమిషాల్లో వచ్చే ఆఫీసుకు మొదటిది చాలు. ప్యాలెట్ కింద కాలు నలిగిన మనిషికి రెండోదే కావాలి.

అలాగని అందరినీ పై మెట్టుకు పంపడమూ తప్పే. ఏడాదికొకసారి కూడా వాడని పని చేతికి అంటుకుని ఉండదు. ఆఫీసులో కూర్చునేవాళ్ళకు విరిగిన ఎముకకు బద్ద కట్టడం మూడు రోజులు నేర్పినా ఆరు నెలల్లో పోతుంది. అదే సమయం సీపీఆర్‌ను నాలుగుసార్లు మళ్ళీ చేయించడానికి వాడితే నిలుస్తుంది. గుండె ఎక్కడైనా ఆగుతుంది, ఆఫీసులో కూడా.

ఆఫీసుకు ఒక రోజు కోర్సు, షెడ్డుకు మూడు రోజులది, దానితో పాటు తీవ్ర రక్తస్రావం అంశం. ఇవి వెంటనే తేలాయి. గోడౌన్ దగ్గరే తప్పు చేశాం. 25 మందే కదా, షెడ్డువాళ్ళు పక్కనే ఉన్నారు కదా అని మొదట ఒక రోజు కోర్సు రాశాం. తర్వాత ఒక మనిషికి పెట్టె ఇచ్చి షెడ్డు నుంచి గోడౌన్ చివరి వరుస దాకా రాత్రిపూట వేగంగా నడిపిస్తే 4 నిమిషాల 20 సెకన్లు పట్టింది, అదీ మధ్య తలుపు తీసి ఉంటే. ఫోర్క్‌లిఫ్ట్ కింద నలగడం, ఎత్తు నుంచి పడటం రెండూ గోడౌన్ ప్రమాదాలే. కాగితం కొట్టేసి గోడౌన్‌కూ మూడు రోజులే రాశాం. పక్క విభాగం మీద ఆధారపడి స్థాయి తగ్గించాలనుకునేవాళ్ళు ముందు ఆ దూరం నడిచి చూడాలి.

బయటికి వెళ్ళే బృందం లెక్క వేరు. వెళ్ళేది ఇద్దరు. ఒకరికి దెబ్బ తగిలితే ఫస్ట్ ఎయిడర్ రెండోవాడే. ఇద్దరిలో ఒకరికే శిక్షణ ఉండి, దెబ్బ అతనికే తగిలితే? అందుకే పదిమందికీ మూడు రోజుల కోర్సు, పైన ఎత్తులో పని అంశం. పెట్టె వాహనంలో ఉంటే సరిపోదు, టోర్నికే, ప్రెషర్ కట్టు ఇద్దరి నడుము సంచిలోనూ ఉండాలి.

రసాయనాల సంగతి మామూలు కోర్సుల్లో పైపైనే ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ వెల్డింగ్ మచ్చలు పోగొట్టడానికి వాడే పిక్లింగ్ పేస్టులో నైట్రిక్ ఆమ్లంతో పాటు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. మామూలు ఆమ్లం తగిలితే నీళ్ళతో కడగడమే చికిత్స. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం అలా కాదు. పలచని ద్రావణం తగిలితే మొదట నొప్పే తెలియకపోవచ్చు, కానీ లోపలికి దిగి శరీరంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, గుండె లయ తప్పొచ్చు. వెంటనే కడిగి, కాల్షియం గ్లూకోనేట్ జెల్ రుద్దుతూ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ప్రతి రసాయనానికీ వచ్చే సేఫ్టీ డేటా షీటులో 4వ భాగం ప్రథమ చికిత్స గురించే. ఆ భాగాలన్నీ కాపీ తీసి శిక్షకుడికి ముందే పంపాలి. మేము మాట్లాడినవాళ్ళలో ఆ కాగితాలు చదివి ఎదురు ప్రశ్నలు వేసింది ఒక్కరే. ఆ ప్రశ్నలు చూశాకే ఆయన్ని పిలిచాం.

ఎంతమందికి అన్నది తర్వాతి లెక్క. షిఫ్టుకు ఒక ఫస్ట్ ఎయిడర్ చాలంటే, ఆ ఒక్కరూ ప్రతి రోజూ, ప్రతి నిమిషం ఉండాలి. సెలవులు, జ్వరం, భోజన విరామం, బయటి పని అన్నీ కలిపి ఒక్కొక్కరూ ఆరు రోజుల్లో ఒక రోజు దొరకరని అనుకుందాం. ఇద్దరుంటే ఇద్దరూ లేని రోజు 36లో ఒకటి. ముగ్గురుంటే 216లో ఒకటి. పైగా పండగలకు అందరూ ఒకేసారి సెలవు పెడతారు కాబట్టి నిజంలో ఇంకా కాస్త ఎక్కువే. దెబ్బ తగిలేది ఫస్ట్ ఎయిడర్‌కే కావచ్చు కూడా. అందుకని ఎక్కడైనా షిఫ్టుకు ముగ్గురి కంటే తగ్గకూడదని పెట్టుకున్నాం. షెడ్డు పగలు నలుగురు, రాత్రి ముగ్గురు, గోడౌన్ పగలు ముగ్గురు, రాత్రి ముగ్గురు, బయటి బృందం పదిమంది, వెరసి మూడు రోజుల కోర్సుకు 23 మంది. ఆఫీసు నుంచి ఒక రోజు కోర్సుకు ముగ్గురు. వీళ్ళు కాక మరో 40 మందికి సీపీఆర్, ఏఈడీ వరకు సగం రోజు.

ఇందులో మాకు ఆలస్యంగా తట్టిన విషయం ఒకటుంది. షిఫ్టులు వారానికోసారి మారతాయి, బృందం మొత్తం కలిసి మారుతుంది. పగటి షిఫ్టు నుంచి నలుగురిని తీసుకుంటే వాళ్ళంతా ఒకే బృందం కావచ్చు. వచ్చే వారం ఆ నలుగురూ రాత్రికి వెళ్తారు, పగలు ఎవరూ ఉండరు. గడియారాన్ని బట్టి కాకుండా బృందాన్ని బట్టి పంచాలి.

మనుషుల ఎంపికలో హోదా పనికిరాదు. మేనేజర్ మీటింగ్‌లో ఉంటాడు. క్రేన్ ఆపరేటర్ బరువు గాల్లో ఉండగా దిగి రాలేడు. కొలిమి దగ్గర ఉన్నవాడు వదిలి రాలేడు. చేతిలో పని ఉన్నపళంగా వదలగలిగినవాళ్ళు, నేల మీద మోకాళ్ళూని రెండు నిమిషాలు ఆగకుండా ఛాతీ నొక్కగలిగినవాళ్ళు, తమంతట తామే ముందుకొచ్చినవాళ్ళు కావాలి. బలవంతంగా పంపినవాళ్ళు సర్టిఫికెట్ తెస్తారు గానీ, ఆపద వేళ వెనక నిలబడతారు.

శిక్షకుణ్ణి వడపోయడానికి చాలా ప్రశ్నలు అడగొచ్చు. మాకు పనికొచ్చింది మాత్రం ఒక్కటి: "సీపీఆర్ సాధనకు మనిషి బొమ్మలు ఎన్ని తెస్తారు?" పన్నెండు మందికి రెండు బొమ్మలు తెస్తే, గంటసేపు సాధన చేయించినా ఒక్కొక్కరికి వచ్చేది పది నిమిషాలు, మారే సమయం పోతే అదీ ఉండదు. ఆరు బొమ్మలుంటే అరగంట. నొక్కిన లోతు, వేగం సరిగ్గా ఉన్నాయో లేదో చూపించే బొమ్మలైతే ఇంకా మంచిది. ఒక శిక్షకుడికి పన్నెండు మందికి మించి ఇవ్వకూడదు. మనుషులు రోజూ మాట్లాడుకునే భాషలోనే చెప్పాలి, ఎందుకంటే కంగారులో గుర్తొచ్చేది ఆ భాషే. సిద్ధాంతం ఆన్‌లైన్‌లో పెట్టి, చేతి పని ఎదురుగా చేయిస్తే ఫర్వాలేదు. మొత్తం వీడియోలతోనే సర్టిఫికెట్ ఇస్తామన్నవాళ్ళను వద్దన్నాం. ఛాతీ ఎంత గట్టిగా నొక్కాలో తెర మీద చూస్తే తెలియదు.

శిక్షణ గదిలో కనబడిన విషయాలు కొన్ని దగ్గరగా చెప్పాలి, ఎందుకంటే కోర్సు మంచిదో కాదో అక్కడే తెలుస్తుంది. సీపీఆర్‌లో అరచేతి మడమ ఛాతీ మధ్యలో పెట్టి, మోచేతులు వంచకుండా, భుజాలు సరిగ్గా చేతుల మీదికి వచ్చేలా వంగి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. ముప్పై నొక్కులకు రెండు ఊపిరులు. మొదటి నిమిషం దాదాపు అందరూ సరిగ్గానే చేస్తారు. రెండో నిమిషంలో లోతు తగ్గిపోతుంది, చేస్తున్నవాళ్ళకు మాత్రం అది తెలియదు. బొమ్మ మీద దీపం ఆరిపోతేనే నమ్ముతారు. అందుకే రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి, మారేటప్పుడు పది సెకన్లు మించి ఆగకూడదు. ఇంకో తప్పు, నొక్కాక పూర్తిగా వదలకపోవడం. అలసినవాళ్ళు బరువు ఛాతీ మీదే ఉంచి నొక్కుతారు. ఛాతీ పూర్తిగా పైకి లేస్తేనే గుండెలోకి మళ్ళీ రక్తం చేరుతుంది. ఇద్దరేసి చొప్పున కనీసం మూడు విడతలు ఇలా చేయించని కోర్సు అసంపూర్ణం.

టోర్నికే చూడటానికి తేలిక. గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్ల పైన, కీలు మీద కాకుండా పెట్టి, రక్తం ఆగేదాకా కడ్డీ తిప్పి, కడ్డీని బిగించి, సమయం రాయాలి. జరిగే తప్పు కడ్డీ తిప్పకముందే ఉంటుంది. పట్టీ వదులుగా ఉంచేసి తిప్పడం మొదలుపెడతారు. వదులంతా కడ్డీకే చుట్టుకుంటుంది, నాలుగైదు తిప్పులు తిప్పినా రక్తం ఆగదు. ముందు పట్టీని మూడు వేళ్ళు కూడా దూరనంత బిగుతుగా లాగి అంటించాలి, తర్వాతే కడ్డీ. సరిగ్గా వేస్తే బాగా నొప్పి పుడుతుంది. నొప్పి అంటున్నారని వదులు చేయడం ఇంకో తప్పు. సాధనకు వాడిన టోర్నికేను మళ్ళీ అసలు పెట్టెలో పెట్టకూడదు. పట్టీ, కడ్డీ అరిగి ఉంటాయి. శిక్షణవి వేరే రంగువి కొనుక్కోవాలి.

రక్తస్రావం ఉన్నచోట నేరుగా నొక్కిపట్టేటప్పుడు, ఆగిందా అని గుడ్డ ఎత్తి చూడటం అందరూ చేసేదే. ఎత్తగానే గడ్డకట్టింది ఊడొస్తుంది. తడిసిపోతే పైన ఇంకో గుడ్డ పెట్టి ఇంకా గట్టిగా నొక్కాలి. కాలిన గాయానికి పారే చల్లని నీళ్ళు 20 నిమిషాలు. ఐదు నిమిషాలకే చాలనిపిస్తుంది, అందుకే గడియారం చూస్తూ చేయించాలి. కంట్లో రసాయనం పడితే కనీసం 15 నిమిషాలు, రెప్పలు వేళ్ళతో తెరిచి పట్టుకుని.

చేయకూడనిదాన్ని కూడా కోర్సు అంతే గట్టిగా నేర్పాలి. కరెంటు తగిలినవాణ్ణి ముట్టుకునే ముందు మెయిన్ ఆపాలి. ట్యాంకులో, గుంతలో పడిపోయినవాడి కోసం వెనకే దిగకూడదు. ఆక్సిజన్ తగ్గిన చోట మొదటివాడి కోసం దిగిన రెండోవాడూ, రెండోవాడి కోసం దిగిన మూడోవాడూ పడిపోతారు. ఫస్ట్ ఎయిడ్ కోర్సు చేశామన్న ధైర్యంతో దిగేవాళ్ళూ ఉంటారు కాబట్టి, ఇది ఆ కోర్సు పని కాదని, వేరే శిక్షణ, వేరే సామగ్రి ఉన్న బృందం పని అని మొదటి రోజే చెప్పించాం.

కోర్సు ముగిశాక పెట్టెలు తెరిచి చూస్తే, నేర్పినవాటిలో సగం అందులో లేవు. టోర్నికే నేర్పారు, పెట్టెలో లేదు. సీపీఆర్‌కు ముఖం మీద పెట్టే కవచం లేదు. గడువు తీరిన లేపనాలు మాత్రం దండిగా ఉన్నాయి. శిక్షణ స్థాయి మారితే పెట్టె కూడా మారాలి. శిక్షకుడు గదిలో ఉండగానే ఆయన చేతే పెట్టె విప్పించి జాబితా రాయించుకుంటే ఆ పని ఒక గంటలో అయిపోతుంది. మేము తర్వాత చేసి రెండు వారాలు పోగొట్టుకున్నాం. పెట్టెకు తాళం వేసి సూపర్‌వైజర్ జేబులో తాళంచెవి పెట్టుకోవడం కూడా ఆ రోజుతో ఆగింది.

సర్టిఫికెట్ గడువు సంస్థను బట్టి రెండు లేదా మూడేళ్ళు. చేతి నైపుణ్యం అంతకాలం ఉండదు. సీపీఆర్ నాణ్యత కొన్ని నెలల్లోనే తగ్గడం మొదలవుతుంది. అందుకని ఒక బొమ్మ కొని షెడ్డులో ఉంచాం. నెలకోసారి షిఫ్టు మొదట్లో పది నిమిషాలు, ఇద్దరిద్దరుగా, రెండేసి నిమిషాలు. ఏడాదికోసారి సగం రోజు పునశ్చరణ. ఇంకో జాగ్రత్త, 23 మందినీ ఒకే వారంలో పంపితే మూడేళ్ళ తర్వాత 23 సర్టిఫికెట్లూ ఒకే వారంలో ముగుస్తాయి. మూడు జట్లుగా, నెలల తేడాతో పంపితే ఎప్పుడూ మూడింట రెండు వంతులు చెల్లుబాటులో ఉంటాయి.

శిక్షణ పూర్తయిన రెండో వారంలో, రాత్రి షిఫ్టులో, సూపర్‌వైజర్‌కు తప్ప ఎవరికీ చెప్పకుండా బొమ్మను గోడౌన్ చివరి ర్యాక్ వెనక పడుకోబెట్టి కేక వేయించాం. మొదటి చెయ్యి ఛాతీ మీద పడటానికి నిమిషం 50 సెకన్లు పట్టింది. నొక్కడం బాగుంది, మనిషి మారడం బాగుంది. ఏఈడీ రావడానికి మాత్రం 6 నిమిషాల 10 సెకన్లు పట్టింది. అది ఆఫీసు రిసెప్షన్‌లో ఉంది, రాత్రి ఆఫీసుకు తాళం. మర్నాడు దాన్ని షెడ్డుకూ గోడౌన్‌కూ మధ్య గోడకు, తాళం లేని డబ్బాలో, దీపం కింద బిగించాం. తర్వాతి నెల డ్రిల్లులో అది 2 నిమిషాల 40 సెకన్లలో వచ్చింది. పగలు ఆఫీసులో అలాగే పెట్టి చూస్తే నాలుగు నిమిషాలు దాటింది, కాబట్టి ఆఫీసుకు రెండోది తెప్పించాం. రెండింటి ప్యాడ్ల గడువు తేదీ, బ్యాటరీ దీపం నెలకోసారి చూసి డబ్బా తలుపు మీది కాగితంలో సంతకం పెట్టే పని రాత్రి షిఫ్టు ఫస్ట్ ఎయిడర్లకు అప్పగించాం.